గేటు దగ్గర వదిలేసిన బియ్యం

ఇది రాయడానికి ఇన్నాళ్లు ఆగాను. దగ్గు నిజంగా పోయిందని నాకు నమ్మకం కుదరాలి కదా. డాక్టర్ గారు పోయిందనే అన్నారు. అయినా పాప నిద్రలో కాస్త గొంతు సవరించుకున్నా నాకు మెలకువ వచ్చేస్తుంది, లేచి కూర్చుంటాను. అలా లేచి కూర్చున్న రాత్రుల్లోనే ఇది కొంచెం కొంచెంగా రాస్తున్నాను. నాలాంటి తల్లి ఏ ఆసుపత్రి వరండాలోనో బిక్కుబిక్కుమంటూ కూర్చుని దీన్ని ఫోన్‌లో చదివితే ఆమెకు కాస్త ధైర్యం రావాలన్నది ఒక కారణం. నా మనసు కుదుటపడాలన్నది ఇంకో కారణం.

మేం కోకాపేటలో ఒక పెద్ద టవర్‌లో, బాగా పై అంతస్తులో ఉంటాం. నేనూ మా ఆయన ప్రవీణ్ ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. ప్రవీణ్‌ది తెనాలి, నాది చందానగర్. పాప పేరు జెమీమా, ఇంట్లో జెమ్మి అంటాం. రెండేళ్లది. అమ్మ ఇప్పటికీ చందానగర్‌లోనే నాన్న కట్టిన చిన్న మేడలో ఉంటుంది. మా చర్చి కూడా ఆ వీధి చివరే. కోకాపేటకు మారాక ఆ చర్చికి వెళ్లడం తగ్గింది. పండుగలకు వెళ్లేవాళ్లం, మిగతా ఆదివారాలు ఆరాధన టీవీలో పెట్టుకునేవాళ్లం, కానుక ఫోన్‌లో పంపేవాళ్లం.

ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టర్ గారు రిబ్బన్ కత్తిరించి, ఒక్కో గదిలోకీ వెళ్లి ఒక్కో ప్రార్థన చేశారు. చివరగా అతిథుల గదిలో నిలబడి, "ప్రభువా, ఈ ఇల్లు నీది. అలసినవాళ్లు, జబ్బుపడినవాళ్లు ఎవరొచ్చినా ఈ గదిలో సేదదీరాలి" అని ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనూ ప్రవీణే.

ఆ రోజు అమ్మ నాకొక స్టీలు డబ్బా తెచ్చింది. మా సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. వంటకు బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చికి వస్తాయి. అందరి బియ్యం ఒకే సంచిలో కలుస్తుంది. ఆ వారం ఏ ఇంట్లో జబ్బు ఉంటే, ఏ ఇంట్లో చావో కాన్పో జరిగితే, ఆ ఇంటికి ఆ బియ్యం వెళ్తుంది. తీసుకెళ్లిన ఆడవాళ్లు అక్కడ కూర్చుని ప్రార్థన చేసి వస్తారు. ఆ ఇంటివాళ్లు ఉన్నవాళ్లా, లేనివాళ్లా అని చూడరు.

"అమ్మా, ఇప్పుడు అందరం స్కాన్ చేసి పంపిస్తున్నాం కదా" అన్నాను.

"స్కాన్ చేస్తె పిడికెడు ఎట్లయితదే? నువ్వు బియ్యంల చెయ్యి పెట్టాలె కద" అంది అమ్మ.

మాది బూడిదరంగు వంటగది. గిన్నెలన్నీ తలుపుల వెనకే ఉంటాయి. ఆ డబ్బా అక్కడ పెడితే బాగుండదని పై అరలో పెట్టాను. తర్వాత దాన్ని మర్చిపోయాను.

జూన్

వానలు మొదలైన వారంలో దగ్గు వచ్చింది. ఆఫీసులో మా వరుసలో సగం మంది దగ్గుతూనే ఉంటారు, అందరికీ ఏసీ మీదే అనుమానం. నాదీ ఏసీ దగ్గే అనుకున్నాను. సాయంత్రాలు ఒళ్లు కాస్త వెచ్చబడేది. పని ఒత్తిడి అనుకున్నాను. ఆకలి పోయింది, బట్టలు వదులయ్యాయి. లిఫ్ట్‌లో కలిసిన ప్రతి ఆడమనిషీ "ఏం డైట్ చేస్తున్నారండీ, మాకూ చెప్పండి" అని అడిగేది. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కూడా వేసింది. నా ఒళ్లు కరిగిపోతుంటే నేను అద్దంలో చూసుకుని మురిసిపోయాను.

ఒక సాయంత్రం జెమ్మిని ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చూపిస్తున్నాను. దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డుపెట్టుకున్న కాగితం రుమాలు మీద ఎర్రటి చార. జెమ్మి దాన్ని వేలితో చూపించి, "పువ్వు" అంది.

దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ వేచి ఉండే చోట మెత్తటి సోఫాలు, కాఫీ యంత్రం, సన్నటి సంగీతం. ఎవరి సోఫాలో వాళ్లు, ఎవరి ఫోన్‌లో వాళ్లు. నా పక్కన కూర్చున్న ఆమె రిపోర్టు కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తోంది. నేనూ నా ఫైలు అంచు నలుపుతున్నాను. ఇద్దరం ఒకరినొకరం పలకరించుకోలేదు.

పరీక్షలయ్యాక డాక్టర్ గారు టీబీ అన్నారు.

"మాకా?" అని నోరు జారింది. ప్రవీణ్ ఇంకా ముందుకెళ్లాడు. "డాక్టర్ గారూ, మా ఇంట్లో ప్రతి గదిలోనూ గాలి శుభ్రం చేసే మిషన్ ఉందండీ."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఊపిరి తీసుకునే ఎవరికైనా రావచ్చు బాబూ. మందులు సరిగ్గా వాడితే తగ్గిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అన్నారు.

అప్పటిదాకా నాకు నా గురించే భయం. ఆ ప్రశ్న విన్నాక నా భయమంతా పాప మీదికి పోయింది. అన్ని వారాలు నా దగ్గు పక్కనే నిద్రపోయింది అది. నా గ్లాసులో నీళ్లు తాగింది. నా మెడలో ముఖం దాచుకుని నిద్రపోయేది.

పాపకు పరీక్షలు చేశారు. ఆ రోజుకు ఏమీ కనిపించలేదు. "ఇప్పుడు లేదు. రాకుండా మందు వేద్దాం. దగ్గో జ్వరమో వస్తే వెంటనే తీసుకురండి. మీ కఫం శుభ్రంగా ఉందని తేలేదాకా మాత్రం పాపను దగ్గరికి తీసుకోవద్దు" అన్నారు డాక్టర్ గారు. అది ఎప్పటికి తేలుతుందని అడిగాను. కొన్ని వారాలు అన్నారు. ఎన్ని అని మళ్లీ అడిగాను. "మందు పనిచేసేదాన్ని బట్టి అమ్మా" అన్నారు.

జులై

నన్ను అతిథుల గదిలో ఉంచారు. గది అంటున్నాను గానీ అప్పటికి అది గోడౌన్. పండుగ అమ్మకాల్లో కొన్నవి, ఎప్పుడైనా పనికొస్తాయని తెప్పించినవి అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. కొన్నింటిని అసలు విప్పనే లేదు. ప్రవీణ్ పెట్టెలన్నీ ఒక గోడకు పేర్చి, రెండో గోడకు మంచం వేశాడు. జ్వరంలో కళ్లు తెరిస్తే ఆ పెట్టెలే కనిపించేవి. వాటి మీద అచ్చేసిన మాటలే చదువుకునేదాన్ని. జాగ్రత్త. పగిలే వస్తువు. తడి తగలనివ్వవద్దు. ఈ వైపు పైకి ఉండాలి.

ఆ గదిలో పాస్టర్ గారు చేసిన ప్రార్థన ఒకరోజు గుర్తొచ్చింది. అలసినవాళ్లు సేదదీరాలి అన్నారు. ఇన్నాళ్లలో ఆ గదిలో ఎవరూ పడుకోలేదు, పడుకోవడానికి మేం చోటే ఉంచలేదు. నాన్న పోయాక నాలుగు రోజులుంటానని వచ్చిన అమ్మ, హాల్లో సోఫా మీద పడుకుని రెండో రోజే వెళ్లిపోయింది. ఆ గదిలోకి వచ్చిన మొదటి జబ్బుమనిషిని నేనే.

ఆ పెట్టెల్లో ఏ ఒక్కటీ చెడ్డ వస్తువు కాదు. అన్నీ కష్టపడి సంపాదించుకున్నవే. కానీ ఒక్కొక్కటి కొన్నప్పుడు కలిగిన ఆ కాస్త సంతోషం ఎక్కడికి పోయిందా అని పడుకుని వెతికితే దొరకలేదు. కొన్ని పెట్టెల్లో ఏముందో కూడా నాకు గుర్తు లేదు.

రోజూ సాయంత్రం జెమ్మి వచ్చి తలుపు కొట్టేది. మొదట అరచేత్తో, తర్వాత ఏదో ఒక బొమ్మతో. "అమ్మా, తలుపు. అమ్మా, తలుపు." నేను ఇవతల తలుపుకు వీపు ఆనించి కూర్చుని, నోటికి మాస్కు మీద చున్నీ అడ్డం పెట్టుకుని, శబ్దం రాకుండా ఏడ్చేదాన్ని. సాయం చేయడానికి తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు, "రా తల్లీ, నీ ఇంట్లో లేని బొమ్మంటూ ఉందా, ఆడుకుందువు గాని రా" అని ఎత్తుకెళ్లేవారు. పాపకు ఆడుకోవడానికి ఒక గది నిండా ఉన్నాయి. అది మాత్రం మళ్లీ తలుపు దగ్గరికే వచ్చేది.

ఆ వారంలోనే బియ్యం వచ్చింది.

మా గేటుకు ఎవరొచ్చినా ముందు ఇంటివాళ్ల ఫోన్‌కు తెలుస్తుంది. వచ్చినవాళ్లు ఎవరో గార్డు తన ఫోన్‌లో నొక్కుతాడు. అతిథి, క్యాబ్, పనివాళ్లు, డెలివరీ. మనం రమ్మని నొక్కితే పైకి పంపిస్తారు. గేటు దగ్గర వదిలేయమని నొక్కితే సరుకు అక్కడ అరలో పెట్టించి, తెచ్చినవాళ్లను పంపించేస్తారు. రోజుకు ఎన్నిసార్లు నొక్కుతామో మాకే తెలియదు.

ఆ సాయంత్రం పార్శిళ్లతో పాటు ఒక గుడ్డసంచి పైకి వచ్చింది. వంటచేసే లక్ష్మి దాన్ని విప్పి చూసి, నాకు తలుపు అవతలి నుంచి వినిపించేంత గట్టిగా అంది.

"మేడమ్, ఇది ఏ యాప్‌ల తెప్పించిన్రు? అన్ని రకాల బియ్యం కలిపి పంపిన్రు. లావువి, సన్నవి, నూకలు గూడ. ఒక్కతీరు ఉడకదు. వాపస్ పెట్టున్రి."

ఆ మాట వినగానే నాకు అర్థమైపోయింది. గదిలోంచే ప్రవీణ్‌కు ఫోన్ చేశాను.

"ప్రవీణ్, మధ్యాహ్నం గేటుకు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే. ఏదో డెలివరీ అని వచ్చింది. మీటింగ్‌లో ఉన్నాను, వదిలేయమన్నాను. ఏమైంది సునీ?"

"అది చర్చి బియ్యం."

"వాళ్లు వచ్చారా? ఇంతదూరమా?" అన్నాడు.

మేం చేసిన పొరపాటు అదీ. మేం రావద్దని తరిమేసింది లేదు, ఒక్క మాట కఠినంగా అన్నది లేదు. పార్శిళ్లకు చేసే పనే వాళ్లకూ చేశాం.

ఆ తర్వాత రెండు రోజులకు అమ్మ వచ్చి గది గుమ్మంలో నిలబడి చూసింది. కిటికీ చేయి పట్టేంత సందే తెరుచుకుంటుంది, పై అంతస్తుల్లో అంతకంటే తెరవనివ్వరు. "ఏందే ఇది, గాలి గూడ గార్డును అడిగి రావాల్నా?" అంది. "డాక్టర్ గాలి వెలుతురు గావాలన్నడు. మన మేడ మీద గది ఖాళీగనే ఉంది. నడువ్, నేను చూసుకుంట."

నాకు వెళ్లాలని లేదు. తలుపు చప్పుడైనా వినపడుతుంది కదా ఇక్కడ. కానీ రోజూ తలుపు కొట్టి కొట్టి అలసిపోతున్నది పాప. తలుపు వెనక అమ్మ లేకపోతే కొట్టడం మానేస్తుందని వెళ్లాను. మానేస్తుందేమోనన్నదే నా భయం కూడా.

బయల్దేరేటప్పుడు అమ్మ ఆ గుడ్డసంచి చంకలో పెట్టుకుంది. గేటు దగ్గర కారు ఆగితే గార్డు అద్దం దగ్గరికి వంగాడు.

"మేడమ్, మొన్న వచ్చిన ఆడోళ్లు మీ చుట్టాలా?"

"ఎందుకు?" అన్నాడు ప్రవీణ్.

"ఏం లేదు సార్. సంచి అరల పెట్టి పోండ్రి అంటే సరే బిడ్డా అన్నరు. పోలే మరి. వానల ఆ పార్శిళ్ల కాడనే నిలబడి కండ్లు మూసుకున్నరు, పెద్దమనిషి ఒకామె, ఇంక ముగ్గురు. మేడమ్ పేరు, పాప పేరు తీసుకుని ఏదో చదివిన్రు. డెలివరీ పోరగాండ్లు గూడ బండ్లు బంద్ చేసి చూసిన్రు. అయినంక నన్ను జర నీళ్లు అడిగి తాగి బస్సుకు పోయిన్రు."

వెనక ఎవరో హారన్ కొట్టేదాకా కారు కదల్లేదు.

ఆగస్టు

చందానగర్ మేడ గదికి మూడు కిటికీలు, పైన రేకులు. కింద కూరగాయల బండ్ల అరుపులు, దూరంగా రైళ్లు. మందులు మొదలయ్యాక ఆకలి ఇంకా చచ్చిపోయింది. ఏది చూసినా కడుపులో తిప్పేది, కీళ్లు పట్టేసేవి. జబ్బు ఎలా ఉంటుందని అడిగితే నాకు గుర్తొచ్చేది నొప్పి కాదు. స్నానం చేసి వచ్చి జుట్టు దువ్వుకోవడానికి చేయి ఎత్తలేక మంచం మీద కూర్చుండిపోవడం గుర్తొస్తుంది.

అమ్మ ఆ కలగలుపు బియ్యాన్నే చేటలో పోసి రాళ్లు ఏరి గంజి కాచేది. నూకలు పూర్తిగా కరిగిపోయేవి, లావు గింజలు పంటికి తగిలేవి, మధ్యలో ఎక్కడో ఒక పొడవాటి బాస్మతి మెతుకు. ఎవరింట్లో పండుగ చేసుకున్నారో అనుకునేదాన్ని. ఉప్పు వేసి, నిమ్మకాయ పచ్చడి ఇంత నంజుకుని తాగితే అదొక్కటే నా కడుపులో నిలిచింది.

ఒక మధ్యాహ్నం దూరపు బంధువు ఒకాయన ఫోన్ చేశాడు. ప్రార్థనలు బాగా చేస్తాడని పేరు. "లోకాశలు ఎక్కువైతే దేవుడు ఇలాగే మేల్కొలుపుతాడమ్మా. ఆ ఫ్లాటు, ఆ కారు ఆలోచించుకో. పిల్ల దాకా రాకముందే ఒప్పుకో" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను కొన్న ప్రతి వస్తువూ వచ్చి పాప గుండెల మీద కూర్చున్నట్టు అనిపించింది.

ఆ సాయంత్రం దయామణి పెద్దమ్మ వచ్చింది. మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద, ఆ రోజు వానలో మా గేటు దగ్గర నిలబడిన మనిషి. మేడ మెట్లు ఎక్కలేక ఆయాసపడుతూ వచ్చి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను ఏడుస్తూ ఆ ఫోన్ సంగతి చెప్పాను.

పెద్దమ్మ విని, "పురుగు నీ ఛాతిలకు పొయ్యేటప్పుడు నీ బీరువ తెరిచి చూసిందా?" అంది.

నేను తలెత్తాను.

"నవ్వుతలేను బిడ్డా. నాకు గూడ వచ్చింది ఇదే జబ్బు. నీ అమ్మకు ఎర్కే. అప్పుడు మా ఇంట్ల ఏమున్నది? రెండు గిన్నెలు, ఒక చాప. నాకు ఏ లోకాశకు వచ్చిందంటడు మీ చుట్టం?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "దేవుడు పసిపిల్లలను చూపించి బెదిరియ్యడు. గట్ల బెదిరిచ్చేటోన్ని నేను ఇన్నేండ్లు మొక్కలే. ఫికర్ చెయ్యకు."

"మరి నేను పడుకుని ఆ సామానంతా చూసి బాధపడింది తప్పా పెద్దమ్మా?"

"అది వేరే, ఇది వేరే. జబ్బు రాకున్నా ఆ సామాన్ల నీకు సంతోషం లేకుండె గద."

అంతకంటే పెద్ద ప్రసంగం ఏమీ చేయలేదు. ప్రార్థన చేసి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, మెట్ల మీద కూర్చుని కూర్చుని దిగిపోయింది. దేవుడు నన్ను శిక్షించడానికి జబ్బు పంపాడని నేను ఇప్పుడు నమ్మను. ఎవరైనా మిమ్మల్ని అలా నమ్మిస్తుంటే వినకండి. కానీ నేను ఇంటి నిండా తెచ్చి పెట్టుకున్నవేవీ నా కోసం మేడ మెట్లు ఎక్కి రాలేవని మాత్రం ఆ రోజు తెలిసింది.

ఆ ఆదివారం ప్రవీణ్ చర్చికి వచ్చి ఆమె దగ్గర నిలబడ్డాడట. అమ్మ చెప్పింది. "తప్పయిందండీ పెద్దమ్మగారూ, చూడకుండా నొక్కేశాను. మిమ్మల్ని వానలో నిలబెట్టాను" అన్నాడట. ఆమె, "మీ అంతస్తు దాకా ఎక్కనీకి దేవునికి లిఫ్టు గావాల్నా ఏంది బాబూ? గేటు కాడ చేస్తె వినడా?" అందట. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారట. ప్రవీణ్ మాత్రం కళ్లు తుడుచుకున్నాడట.

ఇంకా కఫం పరీక్ష ఫలితం రాలేదు. రోజూ వీడియోలో జెమ్మి ముఖం చూసేదాన్ని. మొదట్లో ఫోన్‌ను నాకేది, ముద్దు పెట్టేది. మూడో వారానికి నన్ను చూసి, బొమ్మ వైపు తిరిగి ఆడుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది దానికి జ్వరం.

ప్రవీణ్ గొంతు ఫోన్‌లో పొడిగా ఉంది. "దగ్గు కూడా ఉంది సునీ. నువ్వు భయపడకు. తీసుకెళ్తున్నాను."

అమ్మ వద్దంటున్నా ఆటో ఎక్కి వెళ్లాను. పిల్లల వార్డు బయట వరండాలో చివరి బెంచీ మీద, అందరికీ దూరంగా, మాస్కుతో కూర్చున్నాను. ఛాతీకి ఎక్స్‌రే తీయడానికి పాపను లోపలికి తీసుకెళ్తుంటే ప్రవీణ్ భుజం మీంచి నన్ను చూసింది. కళ్లు గుర్తుపట్టాయి. రెండు చేతులూ చాచింది. "అమ్మా! అమ్మా, ఎత్తుకో!"

నేను లేవలేదు. బెంచీ అంచును పట్టుకుని కూర్చున్నాను. తలుపు మూసుకున్నాక కూడా ఏడుపు వినిపిస్తూనే ఉంది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. ఈ ఇల్లు నీది అని మా ఇంట్లో నిలబడి ఎంత తేలిగ్గా ఆమెన్ అన్నాం. ఈ పిల్ల నీది అనడానికి మాత్రం నోరు రాలేదు. నాది, నాది, నాది అనే లోపల అరుస్తున్నాను. చివరికి ఎప్పటికో, "నీది. కానీ నాకు ఇవ్వు" అన్నాను. నా ప్రార్థన అంతే.

పక్క బెంచీ మీద బుర్ఖా వేసుకున్న ఒకామె చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది. లేచి వచ్చి, దూరం ఉండమని నేను సైగ చేస్తున్నా వినకుండా, నీళ్ల సీసా నా బెంచీ మీద పెట్టి తన చోటికి వెళ్లి కూర్చుంది. "పరేషాన్ అవ్వకమ్మా. మా బాబుకు గూడ గిట్లనే ఉండె. ఇయ్యాల ఇంటికి పంపుతున్నరు" అంది. ఆమె పేరు నేను అడగలేదు. ఇప్పటికీ నా ప్రార్థనలో ఆమె నీళ్ల సీసా ఆమెగానే ఉంది.

పరీక్షల్లో ఏమీ లేదు. వానాకాలపు జలుబు. డాక్టర్ గారు మళ్లీ చూసి, మళ్లీ అదే చెప్పారు. ప్రవీణ్ వరండా మధ్యలోనే నిలబడి ఆ మాట నాకు వినిపించేలా రెండుసార్లు చెప్పాడు.

ఆ వారం చివర నా కఫం పరీక్ష కూడా శుభ్రంగా వచ్చింది. పాపను ఎత్తుకోవచ్చన్నారు.

నేను ఊహించుకున్నట్టు జరగలేదు. ప్రవీణ్ దాన్ని మేడ మీదికి తెచ్చి కిందకి దించితే, వాళ్ల నాన్న ప్యాంటు పట్టుకుని వెనక దాక్కుంది. నేను చేతులు చాస్తే ముఖం తిప్పేసుకుంది. "కోపమొచ్చింది దానికి. రానీ, జర టైమియ్యి" అంది అమ్మ. నేను చేతులు వెనక్కి తీసుకుని, ఏమీ పట్టనట్టు గంజి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అది ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, నా మోకాలి పక్కన నిలబడి, గిన్నెలోకి తొంగిచూసి, నోరు తెరిచింది.

అమ్మ వేరే గిన్నె, చెంచా తెచ్చింది. నాలుగు చెంచాలు తాగాక జెమ్మి నా ఒళ్లోకి ఎక్కి, మెడలో ముఖం పెట్టుకుంది. దాని ముక్కు చల్లగా ఉంది. కదిలితే దిగిపోతుందేమోనని నేను కాళ్లు తిమ్మిరెక్కేదాకా కదల్లేదు.

సెప్టెంబరు నుంచి

మందుల కోసం సర్కారు దవాఖానకు వెళ్లేదాన్ని. అక్కడ సోఫాలు లేవు, రేకుల కింద సిమెంటు అరుగు. ఆటో నడిపే ఒకాయన, తాపీ పనిచేసే భార్యాభర్తలు, మా ఆఫీసుల వైపే హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయి. మొదటి రోజు నేను నిలబడే ఉంటే ఆ తాపీ పని ఆమె జరిగి చోటిచ్చి, "ఎన్నో నెల?" అని అడిగింది. బయట ఆ ప్రశ్నకు అర్థం వేరు, ఆ అరుగు మీద వేరు. ఆ తర్వాత ప్రతిసారీ ఒకరి నెలలు ఒకరం అడిగి తెలుసుకున్నాం. ఎవరికి ఏం తింటే వాంతి రాదో చెప్పుకున్నాం. ఒకరోజు హాస్టల్ అమ్మాయి మందులు మానేస్తానంటే ఆటో ఆయన, "మానేస్తవా? మానేసి ఏం చేస్తవు, మళ్ల మొదటి నెల నుంచి మా ఎంబడి కూసుంటవా?" అన్నాడు. ఆమె నవ్వింది, మానలేదు. మధ్యలో మానకండి. ఇది చదివేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఇంకోటి, వారాల తరబడి తగ్గని దగ్గును ఏసీ మీదికి నెట్టకండి.

దసరా సెలవుల్లో కోకాపేటకు తిరిగి వచ్చాం. నేను లేని రోజుల్లో ప్రవీణ్ అతిథుల గది ఖాళీ చేశాడు. పెట్టెల్లో పనికొచ్చేవి పనికొచ్చే ఇళ్లకు వెళ్లాయి. మేం సన్యాసులమైపోలేదు. కారు ఉంది, కాఫీ మిషన్ ఉంది, నాకు కొత్త చీర చూస్తే ఇప్పటికీ చేయి లాగుతుంది. ఆ గదిలో మాత్రం ఇప్పుడు మంచం, కుర్చీ తప్ప ఏమీ లేవు. కంటి ఆపరేషన్ అయ్యాక దయామణి పెద్దమ్మే అందులో పడుకున్న మొదటి అతిథి. రెండో రోజు పొద్దున లేచి, "ఇంత సప్పుడు లేకుంటే నిద్రెట్ల పడ్తదే తల్లీ మీకు? రైలన్న పోదు" అంది.

పై అరలోంచి అమ్మ డబ్బా దించాను. బియ్యం కడిగేముందు జెమ్మి వచ్చి స్టూలెక్కుతుంది. దాని పిడికిట్లో పట్టేవి కాసిని గింజలే, డబ్బా దాకా వెళ్లేసరికి సగం కింద పడతాయి. లక్ష్మి ఊడ్చేటప్పుడు గొణుగుతుంది. గొణుగుతూనే, మొన్న తన పిడికెడు కూడా వేసింది.

క్రిస్మస్ తర్వాత

నా మందులు అయిపోయాయి. జెమ్మి మందు కూడా అయిపోయింది. ఇద్దరికీ మళ్లీ పరీక్షలు చేసి, ఇక రావక్కర్లేదన్నారు. వస్తూ దారిలో ప్రవీణ్ కారు పక్కకు ఆపి, జెమ్మిని తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

పోయిన శనివారం మదీనాగూడలో ఒక కొత్త టవర్‌కు వెళ్లాం. మా సంఘంలోని ఒక అబ్బాయి భార్యకు కడుపు పోయింది. దయామణి పెద్దమ్మకు కళ్లు ఇంకా సరిగ్గా ఆనడం లేదు, అందుకని ఈసారి సంచి నేను పట్టుకున్నాను. చంకలో జెమ్మి.

గేటు దగ్గర గార్డు మా సంచి వైపు చూసి, ఫోన్‌లో ఏదో నొక్కాడు. నేను నోరు తెరిచేలోపే పై నుంచి జవాబు వచ్చేసింది.

"ఈడ పెట్టి పోండ్రి మేడమ్. గేటు కాడ వదిలేయమన్నరు."

ఆ అమ్మాయికి ఫోన్ చేద్దామా అని పర్సులో చేయి పెట్టాను. ఏ గదిలో, ఏ తలుపు వెనక ఎలా కూర్చుని ఉందో అనిపించి చేయి తీసేశాను. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ఆ బటన్ నాకు బాగా తెలుసు.

పెద్దమ్మ నా వైపు చూసింది. "ఏం జేద్దామే?"

సంచిని అరలో, రెండు అట్టపెట్టెల మధ్య పెట్టాను. "ఇక్కడే చేద్దాం పెద్దమ్మా" అన్నాను.

పార్శిళ్ల పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాం. ఆ రోజు మా గేటు దగ్గర నా పేరు ఎలా పలికారో నాకు తెలియదు. ఆ అమ్మాయి పేరు నేను మెల్లగా, పై అంతస్తు దాకా మోసుకెళ్తున్నట్టు పలికాను. జెమ్మి నా భుజం మీద ముఖం ఆనించి వింటోంది, దాని ఊపిరి నా మెడకు తగులుతోంది. ప్రార్థన ఇంకా అవకముందే, అయిపోయిందనుకుని, అది గట్టిగా ఆమెన్ అంది.